నాలుగో పలక మధ్యలో పసుపు మూట

నేను జీవితంలో చేసిన కాంక్రీటు పని ఒక్కటే. గుప్పెడంత గుంట పూడ్చాను. అణు విద్యుత్ కేంద్రాల గోడల గురించి జరిగిన ఒక పరీక్షలో అది భాగం. నేను పూడ్చిన చోటు నిలబడలేదు. ఈ సంగతి ఇప్పటికి మూడు చోట్ల నోటితో ఒప్పుకున్నాను. కాగితం మీద ఒప్పుకోవడం ఇదే మొదలు.

ఏలూరులో ఫిజిక్స్ లెక్చరరుగా పనిచేసి రిటైరయ్యాను. నెలకోసారి మా ఊరి రీడింగు రూములో జరిగే చర్చా సభలో హేతువాదం తరఫున మాట్లాడతాను. అవతలి వైపు చాలా ఏళ్ళుగా ఒక సంస్కృతం పంతులుగారు మాట్లాడుతున్నారు. వాళ్ళ ఇంట్లో పౌరోహిత్యం, ఆయనకు బడి ఉద్యోగం. ఇద్దరం ఏకీభవించే విషయం ఒక్కటే, టీలో పంచదార వద్దు. మిగతా అన్నింటిలో ఆయనను ఓడించానని నేను అనుకుంటూ ఉంటాను. ఆయన ఏమనుకుంటారో ఎప్పుడూ చెప్పలేదు.

మా చెల్లెలి కూతురు వట్లూరు దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో ఎం.టెక్. చదువుతోంది. ఆమె ప్రాజెక్టు గాలివాన గురించి. తుఫానులో వస్తువులు ఎగురుతాయి. అవి వచ్చి అణు విద్యుత్ కేంద్రం గోడకు తగిలితే గోడ ఆపుతుందా, ఆపదా అన్నది ప్రశ్న. ఉత్తరాన సముద్రపు ఒడ్డున అలాంటి కేంద్రం కడతారని ఏళ్ళుగా వింటున్నాం కాబట్టి ఊరికే వేసుకున్న ప్రశ్న కాదు. గోడ కూలడం ఒక్కటే భయం కాదని ఆమె నాకు బియ్యపు డబ్బా మూత మీద గరిటెతో కొట్టి మరీ చెప్పింది. ఎగిరొచ్చిన గొట్టం గోడలో సగం దిగి ఆగిపోవచ్చు. హమ్మయ్య అనుకుంటాం. కానీ ఆ అదురుకు గోడ వెనక వైపు నుంచి పెచ్చు ఊడి లోపలికి ఎగురుతుంది. రియాక్టరును చల్లబరిచే నీళ్ళ గొట్టమో, కరెంటు తీగో అక్కడ ఉంటే ఆ పెచ్చు చాలు. దెబ్బ ఒక వైపు, నష్టం ఇంకో వైపు.

నాకు ఆ చదువు నచ్చింది. దేశంలో అణు కేంద్రాల గురించి మాట్లాడేవాళ్ళు రెండు రకాలు. ఏమీ కాదు అనేవాళ్ళు, అంతా పోతుంది అనేవాళ్ళు. ఇద్దరూ లెక్క వేయరు. గోడ కట్టేవాడు మాత్రం ముందుగా ఒప్పుకోవాలి, ఏదో ఒకటి వచ్చి తగులుతుందని. ఏది, ఎంత బరువు, ఎంత వేగం, గోడ వెనక ఏముంది అని అడగాలి. అలా అడిగి కట్టిన గోడ కంటే గట్టి వాదన నేను ఏ సభలోనూ వినలేదు. ఈ మాట అప్పట్లో చాలామందికి చెప్పాను. అందుకే తరువాత జరిగింది కూడా చెప్పవలసి వచ్చింది.

ఆమె పుస్తకాల్లో ఎగిరే వస్తువుల జాబితా ఉంది. కారు, కరెంటు స్తంభం, ఉక్కు గుండు, ఇనుప గొట్టం. వాళ్ళ గైడు, ఒక ప్రొఫెసరుగారు, మన తీరంలో ఏం ఎగురుతాయో కనుక్కుని రమ్మన్నారు. అలా మేమిద్దరం స్కూటరు మీద కొల్లేరు ఊళ్ళకు బయలుదేరాం. తల నెరిసిన మనిషి పక్కనుంటే జనం మాట్లాడతారని నన్ను తీసుకెళ్ళింది.

జనం మాట్లాడలేదు. చేపల చెరువుల గట్ల మీద నిలబడి, మీ రేకు ఎక్కడి నుంచి ఎక్కడికి ఎగిరిందండీ, ఎన్ని గజాలు ఉంటుందండీ అని అడిగితే, సరస్సు ఆక్రమణలు కొలవడానికి వచ్చిన ఆఫీసువాళ్ళం అనుకున్నారు. ఒకాయన మేం నిలబడిన గట్టు మీదే నిలబడి, ఇక్కడ గట్టు ఎప్పుడూ లేదండీ అన్నాడు. తుఫాను కూడా వాళ్ళ ఊరికి రాలేదట. పక్క ఊరికి వచ్చి వెళ్ళిపోయిందట.

చివరికి ఒక ముసలావిడ నోరు విప్పింది. చెరువు కాపలా పాక ఆవిడది.

"మా రేకు పోయిందండి. ఎవరిదో రేకు వచ్చిందండి. మాదాని కంటే బాగుంది. వాళ్ళేమన్నా పంపారా మిమ్మల్ని?"

లేదన్నాం. అప్పుడు ఆవిడ మమ్మల్ని ఒక తాటిచెట్టు దగ్గరకు తీసుకెళ్ళింది. దాని మొదట్లో ఒక ఇనుప గొట్టం గుచ్చుకుని ఉంది. షెడ్డు కప్పుకు వేసిన గొట్టం, గాలికి ఊడి వచ్చి చెట్టులో జానెడు దిగింది. లాగితే రాలేదట. రాని దాన్ని ఊరికే ఉంచడం ఎందుకని దానికి చేపల మేత సంచి తగిలించింది. మా మేనకోడలు సంచి తీయించి, గొట్టం లావు, పొడుగు కొలిచి, ఫొటోలు తీసుకుని, మళ్ళీ సంచి తగిలించింది. పరీక్షకు ఆ లావు గొట్టమే ఖాయమయింది.

ఇక గోడ. గోడంతా కట్టలేరు కాబట్టి మీటరు పొడుగు, మీటరు వెడల్పు, ఆరంగుళాల మందం ఉన్న కాంక్రీటు పలకలు నాలుగు పోయాలి. మూడు మామూలువి, పోల్చి చూడడానికి. నాలుగోది అసలుది. అందులో రెండు వరసల ఇనుప వల ఉంటుంది. ఆమె సంవత్సరం చదువంతా ఆ నాలుగో పలకలో ఉంది.

పోసినది కామవరపుకోట వైపు మేస్త్రీ. ఆయన తాత మిషను వాళ్ళ చర్చిలు కట్టినవాడు, అప్పటి నుంచి వాళ్ళది చర్చికి వెళ్ళే కుటుంబం. ఈయనకు మాత్రం ఆ కాలేజీలో ఇంతవరకు ప్రహరీ గోడలు, బాత్రూములే దొరికాయి. కొత్త హాస్టలు కట్టబోతున్నారు. ఈ పలకలు సరిగా వస్తే ఆ పనికి ఆయన పేరు రాస్తానని ప్రొఫెసరుగారు చెప్పారు. వస్తే ఆయన మనుషులు పన్నెండు మందికి రెండేళ్ళ పని. ఈ సంగతి నాకు పొద్దున్నే, టీ తాగుతూ, ఆయనే చెప్పాడు. గొప్పగా చెప్పలేదు, మెల్లగా చెప్పాడు.

పోత మొదలుపెట్టే ముందు ఆయన మా అమ్మాయిని, అంటే మేనకోడలిని, ఒక ప్రశ్న అడిగాడు. "ఏవండీ, దెబ్బ ఎక్కడ తగులుతుందండి?" సరిగ్గా మధ్యన అని ఆమె చూపించింది. ఆయన తల ఊపాడు. ఒక మేస్త్రీకి ఇంత శాస్త్రీయ జిజ్ఞాస ఉన్నందుకు నేను లోలోపల సంతోషించాను. దాని మీద ఒక వ్యాసం రాయాలని కూడా అనుకున్నాను.

మధ్యాహ్నానికి నాలుగూ పోయడం అయిపోయింది. మేస్త్రీ, ఆయన మనుషులు భోజనానికి వెళ్ళారు. మా అమ్మాయి ప్రొఫెసరుగారి గదికి వెళుతూ నాకొక పని అప్పజెప్పింది.

"కుక్కలు తొక్కకుండా చూడు మావయ్యా. ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

టార్పాలిన్ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పావుగంటకు నాలుగో పలక మధ్యలో ఒక దారపు కొస కనిపించింది. పసుపు రంగుది. వంగి చూశాను. వేలితో తాకాను. లాగాను.

పసుపు గుడ్డలో కట్టిన మూట వచ్చింది, దానితో పాటు చేతినిండా కాంక్రీటు వచ్చింది. మూటలో నవధాన్యాలు, ఒక పసుపు కొమ్ము. ఇళ్ళకు పునాది వేసేటప్పుడు ఈశాన్యం మూల పెట్టే మూట. పలకకు ఈశాన్యం లేదు. ఎటైనా నిలబెడతారు. అందుకని మేస్త్రీ ఆలోచించి, దెబ్బ ఎక్కడ తగులుతుందో కనుక్కుని, సరిగ్గా అక్కడ పెట్టాడు. ఆయన జిజ్ఞాస సంగతి అప్పుడు అర్థమయింది.

నాకు కోపం వచ్చింది. కోపం కంటే ఎక్కువగా, నిజం చెప్పాలంటే, సంబరం వచ్చింది. అణు కేంద్రం గోడలో నవధాన్యాలు. నలభై ఏళ్ళ వాదనలో ఇంత మంచి సాక్ష్యం చేతికి అందలేదు. ఇంకేమైనా పెట్టాడేమోనని ఇనుప వల గళ్ళలోంచి వేళ్ళు దూర్చి అడుగు దాకా వెతికాను. హేతువాదులు సగం పని చేయరు. ఏమీ దొరకలేదు కానీ గుంట అడుగు దాకా వెళ్ళింది.

గుంట పూడ్చాలి. పక్కన తట్టలో మిగిలిన మాలు ఉంది. పైపైన ఉన్న సిమెంటు, ఇసుక మాత్రమే తాపీకి వచ్చింది, కంకర రాలేదు. అది కూడా బిగిసిపోతోంది. నా దగ్గరున్న నీళ్ళ సీసాలోంచి కాస్త పోసి కలిపాను. నీళ్ళు ఎక్కువైతే కాంక్రీటు బలం తగ్గుతుందని నాకు తెలుసు. ఆ రోజు పొద్దున్నే మా అమ్మాయి కూలీలకు చెబుతుంటే పక్కన నిలబడి అవునవును అన్నాను కూడా. కానీ గుంట చిన్నది, నేను చదువుకున్నవాణ్ణి. తాపీతో నునుపు చేశాను. చాలా బాగా వచ్చింది. మిగతా పలక కంటే అక్కడే నున్నగా ఉంది.

మా అమ్మాయి తిరిగి వచ్చి, ఏదైనా తొక్కిందా అని అడిగింది. ఏదీ తొక్కలేదన్నాను. అది అబద్ధం కాదు. ఆమె కుక్కల గురించి అడిగింది.

మేస్త్రీకి ఎందుకు చెప్పలేదు? పనివాళ్ళ ముందు ఆయనను చిన్నబుచ్చడం ఎందుకని చెప్పలేదు అని అప్పుడు అనుకున్నాను. అసలు కారణం వేరే. చెబితే మూట తిరిగి అడుగుతాడేమోనని భయం. నాకది సభకు కావాలి.

కాంక్రీటు ఇరవై ఎనిమిది రోజులు నీళ్ళలో నానాలి. ఆ మధ్యలోనే మా చర్చా సభ వచ్చింది. నేను మూటను అగ్గిపెట్టెలో పెట్టుకుని వెళ్ళాను. మాట్లాడి మాట్లాడి, చివర్లో అగ్గిపెట్టె తెరిచి, రేపు రియాక్టరును కాపాడబోయే పరికరం ఇదేనని చూపించాను. పలకలోంచి దాన్ని ఈ చేతులతోనే తీసేశానని చెప్పాను. చప్పట్లు బాగానే పడ్డాయి. కాలేజీ వాళ్ళెవరూ ఆ సభకు రాలేదు, మా అమ్మాయికీ తీరిక లేదు.

పంతులుగారి వంతు వచ్చింది. ఆయన లేచి ఒక్క ప్రశ్న అడిగారు.

"మూట తీసిన చోట ఏం పెట్టారండీ?"

సిమెంటు అన్నాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి కూర్చున్నారు. ఆ రోజు సభలో ఎవరైనా అడిగిన సాంకేతిక ప్రశ్న అదొక్కటే. అది నాకు తరువాత తెలిసింది.

పరీక్ష తాడేపల్లిగూడెంలో. అక్కడి ఒక కాలేజీలో గాలి ఒత్తిడితో పేల్చే పొడవాటి గొట్టం ఉంది. ఒక చివర పెద్ద గాలి ట్యాంకు, ఇంకో చివర పలక, పలక వెనక ఇసుక రాశి. గూడెం మార్కెట్టుకు ఉల్లిపాయల కోసం ఖాళీగా వెళుతున్న లారీలో పలకలు ఎక్కించాం. మేస్త్రీ లారీ వెనకే, పలకల పక్కన, ఉల్లి పొట్టులో కూర్చుని వచ్చాడు. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా నాలుగో పలక మీద చెయ్యి వేసేవాడని డ్రైవరు తరువాత చెప్పాడు.

మొదటి మూడు పలకలు లెక్క ప్రకారం నడుచుకున్నాయి. ఒకటి పగిలింది, రెండింటికి వెనక పెచ్చు ఊడింది. మా అమ్మాయి రాసుకుంటోంది. నాలుగోదాన్ని నిలబెట్టారు. గాలి నింపారు. టక్కుమని ఒక చప్పుడు. గొట్టం పలకలోంచి వెళ్ళి వెనక ఇసుకలో ఉంది. పలకలో గుండ్రని కన్నం ఉంది. కన్నం చుట్టూ ఒక్క బీట కూడా లేదు. సీసా మూతి నుంచి బిరడా ఊడినట్టు మధ్యది మాత్రం ఊడింది.

అంత గట్టి పలక అలా ఎలా పోతుందో అక్కడెవరికీ అర్థం కాలేదు. ప్రొఫెసరుగారు ఇసుకలోంచి ఆ ముక్కను తీసి బొటనవేలితో నలిపారు. రాలింది.

"మేస్త్రీ గారూ, మధ్యలో కంకర ఏమైందండి?"

"వేశానండి. నా చేత్తో వేశానండి."

"మరి లేదు కదండీ."

గోదావరి జిల్లాల్లో మనిషిని కొట్టనక్కరలేదు. ఇంత మర్యాదగా అడిగితే చాలు. ప్రొఫెసరుగారు గొంతు కూడా పెంచలేదు. హాస్టలు పని విషయంలో తాను చూసింది చూసినట్టే రాయాలి కదా అన్నారు. మేస్త్రీ అవునండి అన్నాడు. తరువాత ఇసుక రాశి దగ్గర కూర్చుని ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ప్రతి ముక్కా తిప్పి చూసి పక్కన పెడుతున్నాడు. మా అమ్మాయి సాయం చేస్తున్నాడనుకుని థాంక్సండి అంది. ఆయన దేనికోసం వెతుకుతున్నాడో అక్కడ నాకొక్కడికే తెలుసు. అది నా చొక్కా జేబులో, అగ్గిపెట్టెలో ఉంది.

అప్పుడే చెప్పవలసింది. చెప్పలేదు. మనసులో రెండు వాక్యాలు తయారయ్యాయి. హేతువాది పూజ మూట పీకేశాడు, అణు గోడ తూటు పడింది. ఆ రెండూ ఏలూరులో ఎంత వేగంగా తిరుగుతాయో లెక్క కట్టగలను. ఫిజిక్స్ చెప్పినవాణ్ణి. నలభై ఏళ్ళు మాట్లాడిన మాటలన్నీ ఒక మధ్యాహ్నంతో పోతాయి. చెప్పకపోతే పోయేది మేస్త్రీ పని, ఆయన పన్నెండు మంది పని. దీన్ని కూడా నేను తూచాను. తూచానన్నది దాచడం లేదు.

తిరుగు ప్రయాణంలో మా అమ్మాయి ప్రొఫెసరుగారి కారులో వెళ్ళింది. ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏం మాట్లాడాలో వాళ్ళిద్దరికీ తెలియక మేస్త్రీని రైల్లో రమ్మన్నారు. నేనూ ఆ పాసింజరే ఎక్కాను. పెట్టెలో జనం లేరు. ఆయన నా ఎదురుగా కూర్చున్నాడు. చాలాసేపు కిటికీలోంచి చేలు చూశాడు. భీమడోలు దాటాక మాట్లాడాడు.

"మేష్టారూ, ఒక మాట చెబుతానండి. తప్పు నాదేనండి. ఆ పలక మధ్యలో నేను మూట పెట్టానండి."

నా చెయ్యి చొక్కా జేబు మీదకు వెళ్ళింది.

"గుడ్డ ఉన్న చోట కాంక్రీటు పట్టలేదేమోనండి. కంకర ఎలా మాయమైందో మాత్రం తెలియట్లేదు. రేపు వెళ్ళి సారుగారికి చెప్పేస్తానండి. హాస్టలు పని అడగనని కూడా చెప్పేస్తాను. పాపం ఆ అమ్మాయిగారి చదువు నా మూలంగా చెడింది."

అప్పుడు నేను అడిగిన ప్రశ్నకు ఇప్పటికీ సిగ్గుపడతాను. ఆ స్థితిలో కూడా వాదనకే దిగాను. మీరు చర్చికి వెళ్ళేవారు కదా, ఈ మూటల మీద నమ్మకం ఉందా అని అడిగాను.

"నాకెందుకుంటుందండి. పని చేయించుకునేవాళ్ళకు ఉంటుందని మా ఆవిడ చేత పది మూటలు కట్టించి సంచిలో పెట్టుకుంటానండి. అడక్కముందే పెడితే సంతోషిస్తారు."

"మరి ఆ రోజు ఎవరు సంతోషించాలని పెట్టారు?"

"మీరేనండి."

రైలు ఏదో స్టేషనులో ఆగి మళ్ళీ కదిలింది.

"తెల్ల పంచె కట్టుకుని, పొద్దున్నుంచి పక్కనే ఉండి, చేసే ప్రతి పనీ చూస్తున్నారు. పెద్దవారు. పూజా పునస్కారం లేకుండా పోశాడని మనసులో పెట్టుకుంటారేమో, అమ్మాయిగారితో అంటారేమో అనుకున్నానండి."

నేను పంచె కట్టుకున్నది ఎండకు. అగ్గిపెట్టె తీసి సీటు మీద ఆయన పక్కన పెట్టాను. ఆయన తెరిచాడు. ముందు అర్థం కాలేదు. గుడ్డ అంచు తిప్పి కుట్టు చూసుకున్నాడు. వాళ్ళావిడ కుట్టు.

"ఎప్పుడు తీశారండి?"

"మీరు భోజనానికి వెళ్ళినప్పుడు."

"ఆ గుంటలో ఏం వేశారండి?"

ఈ ప్రశ్న నన్ను ఇంతకు ముందు పంతులుగారు అడిగారు. ఈసారి నవ్వడానికి పెట్టెలో ఎవరూ లేరు.

"తట్టలో మిగిలిన మాలు."

"నీళ్ళు కలిపారా?"

"కొద్దిగా."

"కొద్దిగా అంటేనండి?"

"సగం సీసా."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. మనిషికి నిజంగా నొప్పి పుట్టింది. తన పని పోయినందుకు కాదు, ఆ సగం సీసాకు. కళ్ళు తెరిచి, గొంతు పెంచకుండా అన్నాడు.

"మీలాంటి కూలీ నా దగ్గరుంటే టీ టైముకే ఇంటికి పంపించేసేవాణ్ణండి."

 ఏలూరు స్టేషనులో దిగాక అగ్గిపెట్టె నా చేతికి తిరిగి ఇచ్చాడు. రేపు సారుగారికి చూపించాలి కదండీ అన్నాడు. చెబుతారా అని అడగలేదు. చెబుతాననే అనుకున్నాడు.

మర్నాడు వట్లూరు వెళ్ళి ప్రొఫెసరుగారి గదిలో, మా అమ్మాయి ముందు, మేస్త్రీ ముందు మొత్తం చెప్పాను. అగ్గిపెట్టె బల్ల మీద పెట్టాను. మా అమ్మాయి నా వైపు చూడలేదు. అయిదో పలక పోసి, ఇరవై ఎనిమిది రోజులు నానబెట్టి, మళ్ళీ గూడెం తీసుకెళ్ళాలి. ఆమె పరీక్ష ఒక నెల వెనక్కి పోతుంది. ప్రొఫెసరుగారు మూటను విప్పి చూశారు. మూట ఉంచినా అక్కడ లోపమే ఉండేదండి అన్నారు. తరువాత మేస్త్రీ వైపు తిరిగి, నిన్న అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానన్నారు. హాస్టలు సంగతి మాత్రం అయిదో పలక చెబుతుందన్నారు. అది న్యాయమే. గోడ దగ్గర క్షమాపణలు పనికిరావు.

మా అమ్మాయి నాతో మాట్లాడింది గేటు దగ్గర.

"కుక్కలైతే పైన తొక్కి పోయేవి మావయ్యా."

కిందటి సభకు నెల తిరిగింది. చర్చా సభ వచ్చింది. నేను అనుకున్న రెండు వాక్యాలు అప్పటికే ఊరంతా తిరిగి, మూడో వాక్యం కూడా సంపాదించుకున్నాయి. మూట తీసిన నా చేతికి పక్షవాతం వచ్చిందట. ఆ చేత్తోనే మైకు పట్టుకుని జరిగింది చెప్పాను. మూట తీసినందుకు పలక పోలేదు, మూట తీసి దొంగచాటుగా పూడ్చినందుకు పోయింది, మూట ఉన్నా బాగుండేది కాదు అని చెప్పాను. మూడు ముక్కలూ నిజమే. సభలో నిజం మూడు ముక్కలుగా ఉంటే ఎవరికీ గుర్తుండదు. పంతులుగారి వైపు అందరూ ఆశగా చూశారు. ఆయన గెలుపు ఆయన ముందే ఉంది, తీసుకోవడమే తరువాయి. ఆయన లేచి, ఆ రోజు నేను అడిగింది అదేనండి అని కూర్చున్నారు. జనానికి నచ్చలేదు. టీ దగ్గర మాత్రం నా గ్లాసు ఆయనే అందించారు.

అయిదో పలక పోసిన రోజు నేను వెళ్ళాను. మేస్త్రీ చుట్టూ తాడు కట్టించాడు. నా కుర్చీ తాడుకు అవతల, వేపచెట్టు కింద వేయించాడు. "మీరు అక్కడ కూర్చోండి మేష్టారూ, నీడ బాగుంటుంది" అన్నాడు. టార్పాలిన్ నీడ కూడా బాగానే ఉంది. వెళ్ళి వేపచెట్టు కిందే కూర్చున్నాను. ప్రొఫెసరుగారు పోత వివరాలు రాసే కాగితంలో రెండు గళ్ళు కొత్తగా చేర్చారు. పోతలో బయటి వస్తువు ఏదైనా పెట్టారా, పోశాక ఏదైనా తీశారా. మొదటి గడిలో మేస్త్రీ సంతకం చేశాడు. రెండో గడిలో పలకను ముట్టుకున్నవాళ్ళు చేయాలి. నేను ముట్టుకోలేదు. అయినా కాగితం తాడు దాటి నా దగ్గరకు వచ్చింది.

గూడెంలో ఆ పలకకు అదే లావు గొట్టం, అదే వేగంతో తగిలింది. మధ్యలో రెండంగుళాలు దిగి ఆగింది. మేస్త్రీ అందరికంటే ముందు వెనక్కి వెళ్ళాడు. అరచేత్తో పలక వీపంతా తడిమాడు. వెంట్రుక లాంటి బీటలు తప్ప పెచ్చు లేదు.  ప్రొఫెసరుగారు ఏలూరు తిరిగి వచ్చాక ఆ వారంలోనే హాస్టలు పనికి ఆయన పేరు రాసి పంపారు.

హాస్టలుకు పునాది వేసే రోజు మేస్త్రీ ఫోను చేసి రమ్మన్నాడు. కాలేజీ యాజమాన్యం పురోహితుణ్ణి పెట్టి పెద్ద పూజ చేయించింది. మూట ఉంది, కొత్త పసుపు గుడ్డతో. ఇది చదువు చెప్పే చోటు, ఇలాంటివి ఇక్కడ తగవని యాజమాన్యం పెద్దకు నోటితో చెప్పాను, ముందుగానే రాసుకు వెళ్ళిన కాగితం కూడా ఇచ్చాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మూటను మేస్త్రీ చేతికి ఇచ్చాడు.

మేస్త్రీ ఈశాన్యం గుంటలోకి దిగాడు. కాంక్రీటు వేసే మట్టానికి జానెడు కింద ఇసుకలో చిన్న గొయ్యి తీసి, మూట అందులో పెట్టి, ఇసుకతో పూడ్చి, దిమ్మిసతో గట్టిగా నాలుగు దెబ్బలు వేశాడు. అక్కడ ఉంటే దాని వల్ల గోడకు లాభం లేదు, నష్టం లేదు. పైకి వచ్చి చేతులు దులుపుకుని నా వైపు చూశాడు.

నేను రెండు చేతులతో టీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.